ముందు బండి

“ఎనిమిది ఎంత?”

నాలుగో సోమవారం. కాటా మీంచి ఇంకా దిగనేలేదు, డ్రైవరు నోట్లోంచి అదే మాట. నోరంతా పుళ్లు, మాట ముద్దముద్దగా వస్తోంది. అయినా అడగందే ఊరుకునే రకం కాదు.

“ఎనిమిదో నంబరు డెబ్బై కిలోల వంద గ్రాములు,” అంది డైటీషియన్, గోడ మీది చార్టు చూపిస్తూ. “మీరు అరవై తొమ్మిదిన్నర, బాబాయ్.”

“మళ్లీ వాడే ముందున్నాడన్నమాట.”

బస్సు స్టీరింగు ముందు ముప్పై ఏళ్లు కూర్చున్న మనిషి. తన ముందు ఇంకో బండి కనిపిస్తే ఒళ్లు మండిపోతుంది. మొదటిరోజే ఆయన భార్య ఈ సంగతి చెప్పి మొరపెట్టుకుంది. “మంచిమాట చెవికెక్కదమ్మా ఈయనకి. ముందు బండి కనబడితేనే కాలు కదులుతుంది.”

ఆ రోజు గొంతు కేన్సర్‌కి రేడియేషన్ ఖాయం చేశాక, దానివల్ల ముందుముందు ఏ ఇబ్బందులొస్తాయో కంప్యూటర్ లెక్కగట్టి రెండు కాగితాలిచ్చింది. డైటీషియన్ ఒకటి సొరుగులో పెట్టుకుని, పై మూలన ఆయన ఫోటో ఉన్న ఇంకోటి డ్రైవరు చేతిలో పెట్టింది. డెబ్బై రెండు కిలోల మనిషి ఏడు వారాల్లో అరవై మూడుకి దిగిపోతాడట. రుచి పోతుంది, నోరు ఎండిపోతుంది, ఐదో వారానికి మింగలేక ముక్కులోంచి గొట్టం వేయాలి. బరువు మరీ తగ్గితే తల కదలకుండా బిగించే మాస్కు వదులైపోయి, వైద్యమే మధ్యలో ఆగిపోవచ్చు.

“రాసిపెట్టి ఉంటే ఎవరేం చేస్తారు,” అని ఆయన అప్పుడే చేతులెత్తేశాడు. గొంతు వ్యాయామం చెయ్యమంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రెండో సోమవారం చార్టులో తన ఏడో నంబరు కింద ఎనిమిది కనబడింది.

“ఎవరమ్మా ఈ ఎనిమిది?”

“మీతోపాటే మొదలు. మీ వయసే, మీ జబ్బే, మీ బరువే.”

“మరి నాకంటే కిలో ఎక్కువున్నాడేం?”

“చెప్పినట్టు తినడమే బాబాయ్. వ్యాయామం ఒక్క పూట మానకపోవడమే.”

అంతే, డ్రైవరుకి పౌరుషం పొడుచుకొచ్చింది. భార్య గుడ్డు కలిపిన పాలిస్తే, మట్టి తిన్నట్టుందని విసుక్కుంటూనే గ్లాసు ఖాళీ చేసేవాడు. గుక్క గుక్కకీ కళ్లలో నీళ్లు తిరిగేవి. అద్దం ముందు నిలబడి నాలుక చాపేవాడు, లెక్కపెట్టి గుటకలు వేసేవాడు. ఆస్పత్రి వరండాలో ఎనిమిదో నంబరు కోసం వెతికేవాడు. ఎంత పెందరాళే వచ్చినా చార్టులో ఆ అంకె అప్పటికే వేసి ఉండేది. మనిషి మాత్రం దొరకలేదు.

ఐదో వారం వచ్చింది, గొట్టం రాలేదు. ఆరో వారానికి తేడా వంద గ్రాములే.

ఆఖరి సోమవారం కాటా మీద అంకె ఊగిసలాడి ఆగింది. అరవై ఎనిమిది కిలోల రెండు వందల గ్రాములు. చార్టులో ఎనిమిది ఎదురుగా సరిగ్గా అరవై ఎనిమిది.

“దాటేశానే,” అన్నాడు భార్యతో. ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఆయన డైటీషియన్ వైపు తిరిగాడు.

“అమ్మాయ్, ఇంక దాచకు. వాణ్ణొకసారి చూపించు, చెయ్యి కలుపుతాను. వాడే లేకపోతే నా బండి ఎప్పుడో రోడ్డు పక్కన ఆగిపోయేది.”

డైటీషియన్ నవ్వుతూ సొరుగు లాగింది. మొదటిరోజు దాచిన కాగితం తీసి ఆయన ముందు పరిచింది. ‘చెప్పినట్టు తిని, వ్యాయామం మానకపోతే’ అని శీర్షిక. దానికింద ఏడు సోమవారాల అంకెలు, చివరిది అరవై ఎనిమిది.

పై మూలన ఉన్నది ఆయన ఫోటోయే.