కొంగపిల్ల ఏడుపు

"ఈ పిల్ల తల్లిని బయటికి పంపించారంటే నేను ఊరుకోను," అంది పెద్దావిడ, డబ్బింగ్ గది తలుపుకు అడ్డంగా నిలబడి.

డైరెక్టరు తల పట్టుకున్నాడు. అద్దం అవతల, మైకు ముందు, ఎత్తు స్టూలు మీద చిన్నపిల్ల కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని ఉంది. సినిమాలో చెరువు ఎండిపోయి తల్లికొంగ ఎగిరిపోతుంటే, రెక్క విరిగిన కొంగపిల్ల గట్టున నిలబడి అమ్మా అని పిలవాలి. సినిమాకంతటికీ ప్రాణం ఆ పిలుపే. ఈ పిల్ల పొద్దుటినుంచీ పిలుస్తూనే ఉంది గానీ, ఆకలేస్తోంది అన్నం పెట్టమన్నట్టుంది తప్ప గొంతులో తడి లేదు.

పాత బొమ్మల సినిమాలో ఆ కొంగపిల్లకు గొంతు ఇచ్చింది ఈ పెద్దావిడే. అప్పుడామెకు పాలపళ్ళు ఊడుతున్నాయి. ఇప్పుడు అసలు పళ్ళే ఊడిపోయినా, బజారులో కూరగాయలమ్మే మనిషి దగ్గర్నుంచి అందరూ ఆమెను కొంగపిల్ల అనే పిలుస్తారు. అదే కంపెనీ ఇప్పుడు ఆ సినిమానే కంప్యూటర్లతో మళ్ళీ తీస్తోంది. ఈక ఈకా నిజం కొంగకున్నట్టే ఉంటుందట. పాత కొంగపిల్ల కొత్త కొంగపిల్లకు నాలుగు మాటలు నేర్పుతుంటే వీడియో తీసి వదులుతామనీ, ఆ పాత సినిమా చూసి పెరిగినవాళ్ళంతా పిల్లల్ని వెంటేసుకుని హాళ్ళకు వస్తారనీ బతిమాలి పిలిపించారు. ఆ వీడియో కోసం వచ్చిన కెమెరా అతను గోడవారగా నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

తీరా ఆమె వచ్చాక డైరెక్టరుకు ఈ బుద్ధి పుట్టింది. తల్లి కాసేపు మెట్ల వెనక దాక్కుంటుందట. అమ్మ వెళ్ళిపోయిందని పిల్లతో చెబితే ఏడుపు దానంతటదే వస్తుందట.

"కొత్తగా నేను కనిపెట్టిందేం కాదుగా పెద్దమ్మా," అన్నాడు డైరెక్టరు. "మీకూ ఇదే చేశారు. ఆ ఏడుపు పేరు చెప్పుకునే ఇన్నేళ్ళూ చప్పట్లు కొట్టించుకున్నారు."

"నాకు చేశారు గనకే చెబుతున్నాను. మా అమ్మ కాసేపటికే తిరిగొచ్చింది. నేను మాత్రం ఆ తర్వాత ఆవిడ స్నానానికి వెళ్ళినా తలుపు బయట కూర్చునేదాన్ని. ఇంత వయసొచ్చినా ఎవరినీ రైలెక్కించడానికి స్టేషనుకు వెళ్ళలేను. ఈ పసిదానికి ఎందుకయ్యా ఆ రోగం?"

"అయితే మీరే ఏడవడం నేర్పండి. పొద్దుటినుంచీ నేర్పుతున్నారుగా, ఏం ఊడిపడింది?"

పెద్దావిడ అతన్ని వదిలేసి పిల్ల తల్లి వైపు తిరిగింది. కన్నదానికైనా కడుపు తరుక్కుపోదా అనుకుంది. ఒకసారి ఆ మాట విన్న పిల్ల ఇక జన్మలో అమ్మ కొంగు వదలదనీ, వదిలినా భయం వదలదనీ నచ్చజెప్పింది. చెయ్యి కూడా పట్టుకుంది. తల్లి ఆ చెయ్యి విదిలించుకుంది.

"మా పిల్లను మేం చూసుకుంటాం లెండి. మీకొచ్చిన పేరు దీనికెక్కడ వచ్చేస్తుందోనని మీ బాధ. జరగండి."

పెద్దావిడ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ సందు చూసుకుని తల్లి ఆమెను భుజంతో నెట్టుకుంటూ బయటికి పోయింది. పిల్ల వంక వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

డైరెక్టరు మీట నొక్కి, అవతలి గదిలోకి వినపడేలా, తేనె పూసిన గొంతుతో అన్నాడు. "చిట్టితల్లీ, మీ అమ్మ వెళ్ళిపోయిందమ్మా. ఇంక రాదట."

పిల్ల కాళ్ళు ఊపడం ఆపేసింది. తలుపు వంక చూసింది. కింది పెదవి వణికింది.

అంతే, పెద్దావిడ మోకాళ్ళ నొప్పుల సంగతే మర్చిపోయింది. బరువైన తలుపు తోసుకుని లోపలికి దూసుకుపోయింది. పిల్ల చెవులకున్న హెడ్‌ఫోన్లు లాగి అవతల పడేసి, దాని తలను గుండెలకు అదుముకుంది.

"అబద్ధం తల్లీ, అబద్ధం. మీ అమ్మ మెట్ల వెనకే ఉంది. ఎక్కడికీ పోలేదు. నిన్నొదిలి ఎందుకు పోతుంది?"

పిల్లకు చెబుతోందో తనకు తనే చెప్పుకుంటోందో ఆమెకే తెలియలేదు. ఎన్నేళ్ళుగానో దిగమింగుకుంటూ వచ్చిందంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. పిల్ల జడలు తడిసిపోయేలా వెక్కి వెక్కి ఏడ్చింది. మధ్యలో అమ్మా అని కూడా అంది, అచ్చం ఆ పాత సినిమాలో అన్నట్టే.

కాసేపటికి మొహం ఎత్తి, అద్దం వైపు తిరిగి, డైరెక్టర్నీ కంపెనీనీ కలిపి నోటికొచ్చినట్టు తిట్టింది.

"పసిపిల్లల ఏడుపు అమ్ముకునే మీ బతుకులు తగలెయ్య. మీ సినిమా బుగ్గయిపోను. హాలు గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతి తల్లికీ నేనే చెబుతాను, చూడొద్దని. ఎవరు ఆపుతారో చూస్తాను."

అద్దం అవతల డైరెక్టరు చేతులు కట్టుకుని, పాఠం వింటున్న పిల్లాడిలా నిలబడ్డాడు. కెమెరా అతను గోడవార నుంచి ఎప్పుడు జరిగాడో గానీ, కెమెరా ఎత్తి పట్టుకుని అద్దానికి అంటుకుపోయి ఉన్నాడు.

చిన్నపిల్ల ఆమె కౌగిట్లోంచి మెల్లగా తల బయటికి తీసింది. గౌను అంచుతో పెద్దావిడ చెంపలు తుడిచి, చెవి దగ్గరగా జరిగి చిన్నగా చెప్పింది.

"ఊరుకోండి మామ్మగారూ, నా ఏడుపు నిన్ననే రికార్డు చేసేసుకున్నారు. ఇవాళ ఏడవాల్సింది మీరేనట."