నిలవని బటన్

తమ వెబ్ పేజీలో మౌస్ పెట్టగానే బటన్ ఎగిరెగిరి పడుతోందని నరాల ఆస్పత్రి నుంచి మళ్ళీ ఫిర్యాదు వచ్చింది.

ఆ పేజీ తయారుచేసిన పిక్సెల్ తల పట్టుకున్నాడు. తెర మీద వెంట్రుకవాసి తేడా ఉన్నా కనిపెడతాడని ఆఫీసులో అతనికా పేరు.

అతను మౌస్ పెడితే మాత్రం నిక్షేపంగా పనిచేస్తోంది. తెర మీది అపాయింట్‌మెంట్ కార్డు, దాని మీదున్న బటన్‌తో సహా మెత్తగా పైకి లేస్తుంది. మౌస్ తీస్తే బుద్ధిగా దిగుతుంది.

లోపమేంటో ఈసారి తేలకపోతే పేజీ పనితో పాటు అతని ఉద్యోగమూ పోతుందని మేనేజరు ముందే చెప్పేశాడు.

మధ్యాహ్నం ఆస్పత్రివాళ్ళు కొందరిని పంపారు, పేజీ వాడి చూడమని.

ఒక్కొక్కరే కూర్చున్నారు, నొక్కారు, లేచారు. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. పిక్సెల్ ప్రాణం కుదుటపడింది.

చివర్లో ఓ పెద్దావిడ కూర్చుంది. మౌస్ పట్టుకుంటే ఆవిడ చెయ్యి వణికింది.

మౌస్ బాణం గుర్తు కార్డు కింది అంచు మీదికి వచ్చింది. కార్డు లేచింది. లేవగానే గుర్తు అంచు దాటి బయట పడింది, కార్డు దిగింది. దిగగానే మళ్ళీ గుర్తు తగిలింది, మళ్ళీ లేచింది. బటన్ ఒకటే గంతులు.

ఇదంతా పిక్సెల్ కళ్ళారా చూశాడు. చూసి, విసుక్కున్నాడు.

"పట్టుకుందామంటే తప్పుకుంటోంది బాబూ," అందావిడ.

"బటన్ బాగానే ఉందమ్మా. మీ చెయ్యే కుదురుగా లేదు."

ఆవిడ తన చేతి వంక చూసుకుంది. దాన్ని ఒళ్లోకి తీసుకుని, రెండో చేత్తో అదిమి పట్టుకుంది.

"అది నిజమేలే," అని లేచి వెళ్ళిపోయింది.

ఆవిడ పరీక్షను లెక్కలోంచి తీసేసి, పేజీలో ఏ లోపమూ లేదని పిక్సెల్ ఆస్పత్రికి రాసి పంపాడు. హాయిగా టీ తాగాడు.

సాయంత్రం డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఒకరిని ఎందుకు తీసేశారని అడిగింది.

ఎవరో పెద్దావిడనీ, చెయ్యి ఒకచోట నిలవదనీ, అలాంటివాళ్ళతో పరీక్ష చెడుతుందనీ అతను ఓపిగ్గా వివరించాడు.

పేజీ పని రేపటి నుంచి వేరేవాళ్ళు చూస్తారని డాక్టరమ్మ చెప్పింది.

మిగతా అందరికీ బాగానే పనిచేసింది కదండీ అన్నాడు పిక్సెల్.

"మిగతా అందరూ మా స్టాఫండీ," అంది డాక్టరమ్మ. "పేషెంటు ఆవిడొక్కరే."