కొయినెట్ కొత్త పేరు

"దొరికింది బాబాయ్!" అంటూ అపియో యాంటెన్నాతో జీపు మీదే గంతులేసింది. "రేడియో పెట్టె అరుస్తోంది!"

"అది పెట్టె తల్లీ, పెట్ట కాదు. అరిచిందని గుడ్డు పెట్టదు. ముందు కిందికి దిగు," అన్నాను.

కిసుము పట్నం కాలేజీ నుంచి సింహాల సర్వేలో సాయానికి వచ్చిన పిల్ల. మెడకు రేడియో పట్టీ కట్టిన నోసియెకు అనే ఆడసింహాన్ని ఒక్కసారైనా చూడాలని ఆరు వారాలుగా, జాడ చూపే నాతో తిరుగుతోంది.

"రోజూ నత్తనడకగా టిక్కు... టిక్కు అనేది. ఇవాళ టిక్‌టిక్‌టిక్! మనకేసే పరిగెత్తుకొస్తోంది కదూ?"

మెడపట్టీ గంటల తరబడి కదలకపోతేనే ఆ పెట్టె అలా తొందరపడుతుంది.

"పరుగు కాదమ్మా," అన్నాను. "నోసియెకు పోయింది."

అపియో యాంటెన్నా తిప్పింది. మా పశువుల దొడ్డి వైపు తిప్పగానే శబ్దం పెద్దదైంది. అటునుంచే గాలిలో పాట కూడా వినిపించింది. సోమవారం నోసియెకు మా ఆవును తిన్నప్పుడు, బల్లెం తీసిన నా కొడుకు కొయినెట్‌ని అతికష్టం మీద ఆపాను.

"ఏమని పాడుతున్నారు బాబాయ్?"

"మా కొయినెట్‌కి కొత్త పేరు పెడుతున్నారు. మా తెగలో సింహాన్ని పొడిచి చంపినవాడికి అలా పెడతారు. నా పేరూ అలా వచ్చిందే."

తను సర్వే పుస్తకం తెరిచింది. చంపినవారి పేరు రాయాల్సిన చోట పెన్ను ఆపి నా మొహంలోకి చూసింది. రాస్తే వాడికి జైలే.

"ఏం రాయను?"

"పాత పేరే రాయి," అన్నాను. "వాడు పుట్టినప్పుడు నేను పెట్టింది."