రెండు వేళ్ల మనిషి

ఆసుపత్రి ప్రోగ్రాము ఆ రోజు మళ్లీ మొరాయించింది.

రోగుల వివరాలన్నీ డేటాబేస్‌లో భద్రంగానే ఉన్నాయి. టీమ్ లీడరు రాసిన జావాస్క్రిప్ట్ కోడ్ వెళ్లి అడిగితే మాత్రం ‘కనెక్షన్లు ఖాళీ లేవు’, అంటే లోపలికి దారుల్లేవు, అని జవాబొస్తోంది.

“నాలుగింటిలోగా బాగుచెయ్యకపోతే ఈ పని వేరేవాళ్లకి ఇచ్చేస్తాం” అని ఆసుపత్రివాళ్లు తెగేసి చెప్పారు.

ఆ ప్రోగ్రాము రాసిచ్చిన చిన్న ఆఫీసుకి అన్నం పెడుతున్నది ఆ ఒక్క పనే.

లీడరుకి లోపల భయంగానే ఉంది. పైకి మాత్రం కాలు మీద వేసిన కాలు దించలేదు.

ఆయన పాండిత్యమంతా అరువుదని ఆఫీసులో ఎవరికీ తెలీదు. ఇంటర్నెట్‌లో ప్రోగ్రామర్లు సందేహాలు అడిగే చోట ‘తాబేలు’ అనే పేరుతో ఎవరో నాలుగేళ్లుగా ఓపిగ్గా జవాబులు రాస్తున్నారు. వాటిని తెచ్చి అతికించుకుని ఈయన మేధావిగా చెలామణీ అవుతున్నాడు.

ఆ ఉదయం కూడా తన కోడ్ అక్కడ పెట్టి, “తాబేలు గారూ, మీరే దిక్కు” అని రాసుకున్నాడు. పిలిచేటప్పుడు ఎంత వినయమో!

మూడింటికి ఉద్యోగం కోసం ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి. శుభ్రమైన చొక్కా, అరిగిన చెప్పులు. చేసే కంపెనీ మూతపడిందట.

“ఏదీ, నాలుగు లైన్లు కొట్టండి చూద్దాం” అన్నాడు లీడరు, కూర్చోమని కూడా అనకుండా.

ఆయన వంగి రెండు చూపుడువేళ్లతో మొదలుపెట్టాడు.

“ఏంటండీ అది, కోడి గింజలు ఏరుకున్నట్టు?”

అందరూ నవ్వారు. లీడరు జోకేస్తే నవ్వడం కూడా అక్కడ డ్యూటీలో భాగమే.

“మిగతా వేళ్లు వంగవు బాబూ” అన్నాడాయన. ఆయన చూపు స్క్రీన్ మీదున్న ఆసుపత్రి కోడ్ దగ్గర ఆగింది. “ఇదిగో, ఇక్కడ... పది గ్లాసులున్న ఇంట్లో...”

“ఇప్పుడు గ్లాసుల గొడవెందుకండీ?”

“రెండు నిమిషాలు వింటే చెప్తాను బాబూ.”

“నాకు చెప్పేటంత మొనగాడివా? రెండు వేళ్లేసుకుని ఉద్యోగానికి తయారు! దయచెయ్యండి, దయచెయ్యండి.”

కొత్తగా చేరిన అమ్మాయి ఉండబట్టలేకపోయింది. “ఒక్కసారి విందాం సార్. మనకీ దారి దొరకట్లేదుగా.”

“నువ్వు నోర్ముయ్. చెప్పేవాళ్లు నాకు వేరే ఉన్నార్లే.”

ఆయన కాగితాల ఫైలు చంకలో పెట్టుకున్నాడు. “వస్తాను బాబూ” అని, కుర్చీకి కాలు తగలకుండా జాగ్రత్తగా తప్పుకుని వెళ్లిపోయాడు.

తలుపు మూసుకోకముందే లీడరు ఆయన్ని అనుకరిస్తూ రెండు వేళ్లతో టకటకలాడించి ఇంకోసారి నవ్వించాడు.

తర్వాత నిమిషానికోసారి ఆ పేజీ తెరిచి చూశాడు. తాబేలు జాడ లేదు.

నాలుగైంది. ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది.

నాలుగుంపావుకి ఆఫీసు యజమాని నుంచి వచ్చింది. రేపట్నించి రానక్కర్లేదన్నాడు. ఎదురుగా కూర్చున్న అమ్మాయికి కూడా ఆ కేకలు వినిపించాయి.

లీడరు సొరుగు ఖాళీ చేసుకుంటుంటే, ఐదున్నరకి స్క్రీన్ మీద జవాబు వచ్చి పడింది.

“బాబూ, రోగి వివరం దొరకనప్పుడల్లా మీ కోడ్ కనెక్షన్‌ని వదలకుండానే తిరిగొచ్చేస్తోంది. పది గ్లాసులున్న ఇంట్లో తాగినవాళ్లు గ్లాసు తిరిగి పెట్టకపోతే పదకొండోవాడికి దాహమే. అలా తిరిగొచ్చే ముందు కనెక్షన్ వదిలేసే లైను ఒక్కటి చేర్చండి, చాలు. ఇవాళ మూడింటికి ఒక ఆఫీసులో ఇలాంటి కోడే చూసి నోటితో చెప్పబోయాను, వాళ్లకి తీరిక లేకపోయింది. ఇల్లు చేరి రెండు వేళ్లతో కొట్టేసరికి ఈ వేళైంది, ఆలస్యానికి మన్నించండి. ఇట్లు, తాబేలు.”