నొప్పి సూది

ఆళ్లగడ్డలో పట్టపగలు, టీ బంకు ముందు పుల్లయ్యను వేటకొడవలితో నరికారు. నరికినవాడు బండెక్కి పోయాడు. చూసినవాళ్లంతా చూడలేదన్నారు.

నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తెచ్చేసరికి కుడిచేయి తోలుకు వేలాడుతోంది. మెడ మీద ఒక వేటు, కడుపులో ఒక వేటు. బతకడని డాక్టరు చూడగానే చెప్పేశాడు. విచిత్రమేమిటంటే, ఆయనకు తెలివి మాత్రం పోలేదు.

ఆ సంగతి తెలియగానే కొడుకు వెంకటేష్ ఐసీయూలోకి జొరబడ్డాడు. మెజిస్ట్రేటు వచ్చి మరణ వాంగ్మూలం రాసుకునేదాకా నాయనకు నొప్పి సూది వేయడానికి వీల్లేదన్నాడు. వేస్తే మత్తు కమ్ముతుంది. మత్తులో చెప్పిన మాట కోర్టులో నిలబడదు. ఈ సీమలో చచ్చేవాడి నోట పడిన పేరుకు కొడవలికన్నా పదునెక్కువ. నరికింది ఎవరైనా సరే, ఎదుటి వర్గంలోని పెద్దతలలన్నీ ఆ నోట రావాలి. ఎవరెవరి పేర్లు చెప్పాలో వెంకటేష్ తండ్రి చెవిలో ఊదాడు కూడా. కన్నతండ్రి గిలగిల్లాడుతుంటే పాఠం చెప్పిన కొడుకు! ఏం పుట్టుకో.

డాక్టరు వెంకటేష్ కళ్లు చూసి, కాసేపు ఆగుదామన్నాడు. ఆయన భయం ఆయనది.

నర్సు హేమలత ఒక్కతే మంచం వదల్లేదు. పుల్లయ్య పెదవులు కదిలాయి. మెడ తెగిన మనిషి, గాలి తప్ప గొంతు రావడం లేదు. ఆమె వంగి, ఆయన నోటికి చెవి ఆనించి చాలాసేపు విన్నది. లేచేసరికి ముఖం పాలిపోయింది.

“సూది ఏయమంటాండాడు సార్. ఓర్చుకోలేడంట. ఎవురి పేరూ చెప్పడంట,” అంది.

పుల్లయ్య ఎడమచేత్తో ఆమె కోటు పట్టుకుని గుంజాడు. ఆమె ఆ వేళ్లను మెల్లగా విడదీసింది.

వెంకటేష్ సెలైను స్టాండును ఒక్క తన్ను తన్నాడు. ట్రేలో కత్తెర లాక్కుని ఆమె గొంతుకు ఆనించి నొక్కాడు. నెత్తురు కారి కోటు కాలరు తడిసింది.

“సూది ముట్టినావంటే ఈడనే పొడుస్తా.”

“పొడువు. నొప్పి ఆయప్పది, నీది గాదు. తెలివుండే మనిషి ఏమడిగితే అదే చేయల్ల.”

ఆ మాటతో డాక్టరుకు ఎక్కడలేని రోషం పొడుచుకొచ్చింది. పేషెంటు మాటే మాట, వేసేయమన్నాడు. బయటున్న కానిస్టేబుళ్లు వచ్చి వెంకటేష్ చేతులు విరిచిపట్టి ఈడ్చుకుపోయారు. పోతూ పోతూ తలుపు అద్దాన్ని తలతో కుమ్మి పగలగొట్టాడు. ఇంత గలాటాలోనూ హేమలత సూది వేసేసింది.

మందు ఎక్కింది. పుల్లయ్య కళ్లు ఆమెనే చూస్తూ చూస్తూ మూతపడ్డాయి. మెజిస్ట్రేటు వచ్చి ఎంత పిలిచినా పలకలేదు. పొద్దు వాలకముందే ప్రాణం పోయింది.

రోగి కోరికకు ప్రాణం అడ్డేసిన నర్సు అని డాక్టరు అందరి ముందూ మెచ్చుకున్నాడు. హేమలత తల వంచుకుని విన్నది. గొంతుకు పట్టీ వేసుకుని మందుల గదిలోకి పోయి, తలుపు మూసి, ఫోన్ చేసింది.

“ఆయప్ప సూది అడగలేదు తమ్ముడూ, మెజిస్ట్రేటు వచ్చేదాకా వద్దే వద్దన్యాడు, నరికింది నువ్వేనని చెప్పల్లంట, ఇంగ చెప్పలేడులే, ఇంటికి రా.”