గొలుసు మీద బొంత

రణ్ ఉప్పు ఎడారిలో, బురదలో దిగబడ్డ లారీకి వెల్జీ తన ట్రాక్టరు గొలుసు తగిలించాడు. గొలుసు తెగితే ఎగిరొచ్చి మనిషిని కొట్టకుండా దానిమీద తడి బొంత కప్పడం అక్కడి అలవాటు. బొంత తెచ్చేసరికి, గొలుసు మీద అప్పటికే ఒకటి ఉంది.

"నువ్వేశావా?"

"నీదే అనుకున్నా వెల్జీభాయ్," అన్నాడు లారీ డ్రైవరు.

వెల్జీ లైటు వేసి చూశాడు. నిరుడు గొలుసు తెగి చచ్చిపోయిన తన పనివాడు జుసబ్‌ను చుట్టి మోసిన ఎర్రంచు బొంత. దాన్ని తనే తగలబెట్టాడు. ఆ రోజు బొంత తెస్తానన్న జుసబ్‌ను, "చిటికెలో పని, బొంతెందుకురా పిరికిపందా" అని ఆపిందీ తనే.

ఇంజను ఆపే ఉంది. అయినా గొలుసు మెల్లగా బిగుసుకుంది. బొంత బురదలోకి జారింది. ఖాళీ ట్రాక్టరు సీటు మీంచి ఎవరో నింపాదిగా అన్నారు.

"చిటికెలో పని. బొంతెందుకు, వెల్జీభాయ్?"