క్యాబేజీ మడి

“టేపు ఆ ప్రహరీ దాకా లాగు వెంకన్నా. గోడౌను గోడ సరిగ్గా ఇక్కడికి రావాలి” అన్నాడు సుమంత్.

‘ఇక్కడ’ అంటే అతని భార్య తేజస్వి వేసిన క్యాబేజీ మడి నడిమధ్యకి. మేస్త్రి వెంకన్న ఎత్తిన కాలు ఎక్కడ దించాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.

“మొక్కల మీద అడుగు వేశావంటే చూడు!” అంటూ తేజస్వి వంటింట్లోంచి పరుగున వచ్చింది. “ఏవండీ, పచ్చటి మొక్కల మీద సిమెంటు పోయడానికి మీకు చేతులెలా వస్తున్నాయండీ?”

“ఇన్నాళ్ల నుంచీ పెంచుతున్నావు, ఒక్కటైనా గడ్డ కట్టిందా? అక్కడ కొట్లో బియ్యం బస్తాలు పెట్టడానికి చోటు లేక నేను చస్తుంటే, ఇక్కడ నువ్వు ఉత్త ఆకులు పెంచుతున్నావా?”

“కడతాయి. నేను పెంచితే కట్టక ఏం చేస్తాయి?”

పైకి అంత ధీమాగా అన్నదే గానీ, లోపల ఆమెకి ఆ నమ్మకం లేదు. కొట్టు మొగుడిది, వంటిల్లు అత్తగారిది. కాపరానికి వచ్చాక తనదీ అని చెప్పుకోడానికి దొరికింది ఈ పెరడొక్కటే. ఇది కూడా పోతే ఇక ఈ ఇంట్లో తనకంటూ మిగిలేది ఏమీ లేదు.

గొడవ విని సుమంత్ తల్లి అన్నపూర్ణమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ మాటకి ఆ ఇంట్లో తిరుగులేదు. ఉల్లిపాయని కూడా గడప దాటనివ్వదు. నరసాపురం రేవు నుంచి వచ్చే చేపల బుట్ట వీధి చివర కనిపించిందా, కిటికీ రెక్కలు ధడాలున మూసేస్తుంది.

“ఉగాది దాకా ఆగరా” అంది కొడుకుతో. “పండగనాడు ఈ మడిలో కాసిన క్యాబేజీతో ఆవపెట్టిన కూర నా విస్తట్లో పడితే పెరడు కోడలిది. పడలేదా, మర్నాడే కొబ్బరికాయ కొట్టుకో. ఇక దీని మీద నా ఎదుట ఎవరూ నోరెత్తొద్దు.”

‘భలే తీర్పు!’ అని కసిగా అనుకుంది తేజస్వి. ఎండలు ముదిరితే క్యాబేజీ గడ్డ కట్టదని ఆవిడకి తెలియదా? నొప్పి తెలియకుండా గొంతు కోయడం అంటే ఇదే.

నాలుగు రోజులు పోయాక దొడ్డిగోడ అవతలి నుంచి ఎవరో పలకరించారు. చూస్తే రేవులో చేపలమ్మే రత్తమ్మ.

“ఏంటి అమ్మగారూ, ఇది క్యాబేజీయా, తోటకూరా?”

“ఎగతాళి చేయడానికి నువ్వొక్కదానివే తక్కువయ్యావు! అయినా చేపలు కొనే గుమ్మం ఒక్కటీ లేని వీధిలో నీకేం పని రత్తమ్మా?”

“దగ్గర దారండి” అంటూ రత్తమ్మ ఒక చిన్న కుండ గోడ మీద పెట్టింది. “చేప తలకాయలు, పేగులు బెల్లంలో మగ్గబెట్టిన రసమండి. బిందెడు నీళ్లలో గరిటెడు కలిపి మొక్కల మొదళ్లలో పొయ్యండి. గడ్డ కట్టకపోతే నన్నడగండి, ఆయ్!”

“చేపలా! మా అత్తయ్యగారు చూశారంటే మొక్కల్నీ నన్నూ కలిపి పీకి పారేస్తారు!”

“తినేది మొక్కండీ, మీరు కాదు కదా!”

తేజస్వి గోడ వైపు చూసింది, మడి వైపు చూసింది. కుండ అందుకుంది.

మొదటిసారి పోసిన పూటే వాసన గుప్పుమంది. అన్నపూర్ణమ్మ పెరటి తలుపు దగ్గరికి వచ్చి ముక్కు చిట్లించింది.

“ఏంటే ఆ కంపు?”

“ప... పక్కవాళ్ల కాలవండీ, అత్తయ్యగారూ.”

“పాడు కాలవ!” అని లోపలికి పోయి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి తెచ్చి గుమ్మంలో పెట్టింది. అప్పటి నుంచి సాయంత్రం అయ్యేసరికి ఆ గుమ్మం పొగతో నిండిపోయేది.

“రోజూ ఈ పొగేంటమ్మా?” అని కొట్టు నుంచి వచ్చిన సుమంత్ దగ్గాడు.

“దోమలురా” అంది అన్నపూర్ణమ్మ.

బతికిపోయాననుకుంది తేజస్వి. మొగుడు కొట్టుకి వెళ్లడం చూసి నీళ్లు పోసింది, అత్తగారు పూజలో కూర్చోవడం చూసి కుండ దాచింది. ఉగాది దగ్గరపడేసరికి ఆకులు ఒకదాన్నొకటి చుట్టుకుని, క్యాబేజీలు కొబ్బరిబోండాల్లా బిగుసుకున్నాయి. సుమంత్ వంగి ఒకదాన్ని వేలితో కొట్టి చూశాడు.

పండగనాడు అన్నపూర్ణమ్మ పొయ్యి దగ్గర నుంచి తప్పుకుంది. “నీ క్యాబేజీ, నీ కూర. కానీయ్” అంది.

తేజస్వి చెంగు దోపింది. క్యాబేజీ సన్నగా తరిగి, పసుపు వేసి ఉడికించి వార్చింది. మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిరపకాయలు, ఇంగువతో ఘుమఘుమలాడే పోపు పెట్టింది. పచ్చిమిర్చి, అల్లంతో నూరిన ఆవముద్దని పొయ్యి దించాకే కలిపింది. ముందే కలిపితే చేదెక్కుతుంది. నైవేద్యం కాకుండా రుచి చూడకూడదు. చూడాల్సిన అవసరం ఉందని కూడా ఆమెకి అనిపించలేదు.

సుమంత్ మారు వడ్డించుకున్నాడు. “గోడౌను బయట అద్దెకి చూసుకుంటాలే” అన్నాడు తల ఎత్తకుండా.

అన్నపూర్ణమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

“ఆవ ఘాటు బాగా పట్టిందే. కాయ కూడా తియ్యగా ఉంది. పెరడు నీదే పో” అంది అత్తగారు.

గెలిచినందుకు ఎగిరి గంతేయాలనిపించింది. కానీ అంత నిష్ఠగా బతికే మనిషికి చెప్పకుండా పెట్టానే అన్న గుబులు ఆ సంతోషాన్ని సగం మింగేసింది.

మధ్యాహ్నం గిన్నెడు కూర పట్టుకుని దొడ్డిగోడ దగ్గరికి వెళ్లింది.

“రత్తమ్మా, నీ మేలు ఈ జన్మకి మర్చిపోను. కానీ ఒట్టెయ్యి. ఆ కుండ సంగతి మా అత్తయ్యగారికి చచ్చినా తెలియకూడదు. తెలిస్తే ఆవిడ మనసు విరిగిపోతుంది.”

రత్తమ్మ ఆమె మొహంలోకి వింతగా చూసింది. తర్వాత పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది.

“అదెలా కుదురుద్దండీ అమ్మగారూ?”

“ఏం? ఎందుకు కుదరదు?”

“నన్ను పంపింది ఆవిడేనండి.”